పసుపు గుడ్డ తప్పు చెప్పలేదు

1931 జూలై 6వ తేదీన శ్రీ చెన్నకేశవులు గారు పెనుకొండలోని మన పట్టు సహకార సంఘ శాఖలో గుమాస్తాగా ప్రవేశించారు. స్వస్థలం తలుపుల. హిందూపురంలో చదువుకునే రోజుల్లో, నీలి లిట్మసు కాగితం పుల్లటి రసంలో ఎర్రబడి, సోడానీళ్ళలో ముంచగానే మళ్ళీ నీలమవటం చూసిన ఆశ్చర్యం ఆయనను వదలనే లేదు. ఆ ఆసక్తిని గుర్తించి 1938లో వారిని ధర్మవరం అద్దకశాల పరీక్షకులుగా నియమించారు.

సబ్బు, సోడాలతో ఉడికించి జిగురు తీసిన పట్టులో సోడా మిగిలితే రంగు సరిగా పట్టదు. యుద్ధంతో లిట్మసు కాగితం రావటం ఆగిపోగా, ఆయన పసుపు పట్టించిన గుడ్డపీలికలతో పరీక్ష సాగించారు. పులుపులోనూ మంచినీళ్ళలోనూ పసుపు మారదు. సోడా వంటి క్షారం తగిలితే దానిలోని రంగుపదార్థమే రూపు మార్చుకుని ఎర్రబడుతుంది.

1943 వేసవిలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి తాంబూలం వేసుకుని వచ్చిన చెన్నకేశవులు గారు, అద్దకశాల కూలి మున్వర్ పట్టు జాడించిన నీళ్ళలో పీలికను ముంచి వేళ్ళతో పిండారు. ఎర్రబడింది. ఇంకొకటి. అదీ అంతే.

"ఏమప్పా మున్వర్, నీళ్ళకు కరువొచ్చిందా, నీ చేతులకొచ్చిందా?"

"నాలుగు నీళ్ళు జాడించినా సామీ. కావాలంటే ఆ నీళ్ళు నువ్వు చెప్పినన్ని తాగుతా."

"నువ్వు తాగితే నీ కడుపు సంగతి తెలుస్తాది. పట్టు సంగతి గుడ్డ చెప్తాండాది."

ఆ సాయంత్రమే సంఘం పనిదొంగ అని తీర్మానం రాసి మున్వర్‌ను తొలగించింది. ఊళ్ళో మరే అద్దకశాలా అతనిని గడప తొక్కనీయలేదు.

వారం తిరగకముందే, మళ్ళీ ఒక మధ్యాహ్నం తాంబూలం వేసుకుని వచ్చి, కొత్త మనిషి జాడించిన నీళ్ళలో పీలికను ముంచిన చెన్నకేశవులు గారు, ఎవరో పిలవటంతో దానిని పిండకుండానే తొట్టి అంచున పెట్టి వెళ్ళారు. తిరిగివచ్చి చూస్తే నీళ్ళలో మునిగిన కొస పసుపుగానే ఉంది. తాను పట్టుకున్నచోట మాత్రం బొటనవేలంత ఎరుపు. ఆకుకు రాసిన సున్నం ఇంకా ఆ వేలికే ఉంది.

ఆ పూటే అధ్యక్షులవారి వద్దకు వెళ్ళి తప్పు తనదని చెప్పారు.

"నీ వేలికి సున్నం అంటుకునిందని సంఘం మూతికి పూసుకోమంటావా?" అన్నారు వారు.

వేరుశనగ పీకే కూలికి తాడిమర్రి చేరిన మున్వర్‌ను వెతుక్కుంటూ వెళ్ళి చెన్నకేశవులు గారు క్షమాపణ కోరారు. మున్వర్ చేని గనిమ గట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

"ఈడికొచ్చి చెప్పినావు, పెద్దమనిసివి. నాకు చెప్తే ఏమొస్తాది సామీ? ధర్మవరంలో బావికాడ మదార్‌బీని పనిదొంగ పెండ్లామంటాండారు. ఆడ చెప్పించు."

అప్పటినుంచి ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ చెన్నకేశవులు గారు లేచి ఆ తీర్మానం రద్దు చేయమని అడగటం, వచ్చే సమావేశంలో చూద్దామని సభ నవ్వటం ఆనవాయితీ అయింది. న్యాయంగా రావలసిన పర్యవేక్షక పదవి ఆయనను దాటి వెళ్ళింది. ఈ 1949 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారిని ఏ కానుక కావాలని సంఘం అడిగింది. వారు అడిగింది ఆ రద్దే. సంఘం శాలువా కప్పింది. విషయం యథాప్రకారం వాయిదా పడింది.

శ్రీ చెన్నకేశవులు గారికీ, వారి ధర్మపత్ని ఈశ్వరి గారికీ భగవంతుడు ఆరోగ్యభాగ్యాలు ప్రసాదించుగాక. ఆ తీర్మానం రద్దయ్యే రోజును వారు కన్నులారా చూడాలని కోరుకుంటున్నాము. మన సంఘం నడక తెలిసినవారం గనుక, వారికి నిండు నూరేళ్ళు చాలవని, ఇంకా ఎక్కువే ఇమ్మని ప్రార్థిస్తున్నాము.