మన చర్చి పార్కింగ్ లాటులో ఉప్పు

అధ్యక్షత వహిస్తున్న పాస్టర్ ఆనందబాబు గారికి, ముందు వరుసలో హీటరు పక్క కుర్చీ ఎవరికీ వదలని సుగుణమ్మ గారికి, సంఘ పెద్దలకు, యూనివర్సిటీ నుంచి బస్సులో వచ్చిన విద్యార్థులకు, ఈ సాయంత్రం ఎవరికోసం కూడామో ఆ ప్రొఫెసర్ రూపవతి గారికి నమస్కారం.

నా పేరు కోదండరామ్. ఈ వాటర్లూ ఊళ్ళో ఒక స్థానిక పత్రికకి సిటీ వార్తలు రాస్తుంటాను. ఈ చర్చి సభ్యుణ్ణి కాను, క్రిస్మస్ బిర్యానీకి మాత్రం తప్పకుండా వస్తానని ఈ సంఘంలోని షాలేమ్ రాజు గారు ఇందాక మైకులోనే చెప్పేశారు కాబట్టి ఆ సంగతి దాచడానికి లేదు. (నవ్వులు)

రూపవతి గారి గురించి పెద్ద మాటలు వాడవద్దని ఆవిడే నన్ను ఫోనులో హెచ్చరించారు. అందుకని జరిగింది మాత్రమే చెబుతాను. పరిశోధన అంటే పీహెచ్‌డీ వాళ్ళ పని అని అందరూ అనుకునే చోట, ఆవిడ డిగ్రీ రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లల్ని ఊరి మీదికి పంపేవారు. ఏ బస్‌స్టాపు ముందు మంచుగుట్ట తీయకుండా వదిలేస్తున్నారు, చెట్లు లేని వీధుల్లో ఎండాకాలం ఇళ్ళు ఎంత వేడెక్కుతున్నాయి లాంటివి వాళ్ళు కొలిచి తెచ్చేవారు, నేను వార్తలు రాసుకునేవాణ్ణి, సిటీ హాలు వాళ్ళు మా అందరినీ తిట్టుకునేవారు.

ఆవిడ క్లాసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరి గురించైనా ఒక తప్పు బయటపడితే, అది కాగితం మీదికి ఎక్కకముందే విద్యార్థి స్వయంగా వెళ్ళి ఆ మనిషికి చెప్పాలి. ఈమెయిల్ పనికిరాదు. కొలిచిన చోటికే తీసుకువెళ్ళి, మీటరు ఆయన చేతికే ఇచ్చి, ఆయన చేతే కొలిపించాలి. మా పత్రికల్లో అయితే అచ్చుకి పోయే ముందు అవతలివాళ్ళకి ఒక ఫోను చేసి, ఎత్తలేదని రాసి చేతులు దులుపుకుంటాం. (నవ్వులు) ఆ పద్ధతి ఎంత కష్టమో పోయిన చలికాలం ఈ చర్చి వెనకే తెలిసింది.

ఈ చర్చి వెనక పారే వాగులో చేపలు తగ్గుతున్నాయని ఆ ఏడాది పిల్లలు ఉప్పు కొలవడం మొదలుపెట్టారు. మంచు కరగడానికి పార్కింగ్ లాటుల్లో చల్లే ఉప్పంతా చివరికి వాగులోకే చేరుతుంది. వాగు వెంట వరసగా షాపింగ్ ప్లాజా, జిమ్, స్కూలు, అన్నిటి పేర్లూ రాసుకుంటూ వచ్చారు. అన్నిటికంటే ఎక్కువ ఉప్పు వస్తున్నది మన చర్చి లాటు నీళ్ళు వాగులోకి పోయే పైపు నుంచి. అక్కడ కొలిచింది ఆ క్లాసు పిల్లల్లో ఒకరైన అబిగేల్. లాటులో ఉప్పు చల్లేది వాళ్ళ నాన్న షాలేమ్ రాజు గారు.

ఆయన ఎందుకు చల్లేవారో ఈ హాల్లో అందరికీ తెలుసు. అంతకుముందు చలికాలం సుగుణమ్మ గారు ఆ లాటులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. పట్టుకుని లేపింది ఆయనే. అప్పటినుంచి ఆదివారం ఆరాధనకి మీరంతా రాకముందే ఆయన బస్తాలు మోసుకొచ్చేవారు. బాగా చలి ముదిరిన రోజుల్లో ఉప్పుకి మంచు కరగదు. కరగడం లేదు కాబట్టి ఆయన ఇంకా చల్లేవారు, కాస్త వెచ్చబడగానే అంతా ఒక్కసారి వాగులో పడేది. ఆ శుభ్రమైన లాటు చూసి ఆయన్ని అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది ఇదే సంఘంలో ఉన్న రూపవతి గారే. (నవ్వులు) అది నేననడం లేదు, ఆవిడే చెప్పారు.

క్లాసులో ప్రొఫెసర్ అని పిలిచే అబిగేల్ ఆ రోజు ఆఫీసుకి వచ్చి, "ఆంటీ, కెన్ వీ జస్ట్ స్కిప్ దిస్ వన్?" అందట, మన చర్చి పేరు వదిలేద్దామని. ఆంటీ అనగానే ఇది ఇంటి సంగతని రూపవతి గారికి అర్థమైంది. సంఘంలో ఇద్దరు ముగ్గురు పెద్దలు కూడా 'ఒక సంస్థ' అని రాస్తే చాలదా, మన పేరు మనమే బజారున పెట్టుకోవాలా అని ఆవిడకి ఫోన్లు చేశారు. వాళ్ళు ఇక్కడే ఉన్నారు, నేను అటు చూడను. (నవ్వులు) ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. అబిగేల్‌తో ఒకే మాట అన్నారు.

"మన పేరు తీసెయ్యాలంటే తీసెయ్ తల్లీ. జిమ్ పేరు, స్కూలు పేరు కూడా తీసెయ్."

అబిగేల్ రెండు వారాలు ఏమీ తేల్చుకోలేదు. తరవాత ఒక శనివారం ఉదయం నాన్నని వాగు దగ్గరికి తీసుకొచ్చింది. రూపవతి గారు దూరంగా నిలబడ్డారు, నేను ఇంకాస్త దూరంగా. షాలేమ్ రాజు గారు పైపుకి ఎగువన మీటరు ముంచారు, తరవాత దిగువన. మీటరు పాడైందన్నారు. రూపవతి గారు కోటు జేబులోంచి ఇంకొకటి తీసిచ్చారు. (నవ్వులు) అది కూడా అదే అంకె చూపించింది.

ఆయన రెండు మీటర్లూ తుడిచి తిరిగి ఇచ్చేశారు. ఆ పిల్ల ఏడవకుండా ఉండటానికి గ్లోవ్స్ తీసి మళ్ళీ వేసుకుంటోంది. అప్పుడు ఆయన అన్నారు, "పేరు రాయమ్మా. ఎందుకు చల్లానో కూడా రాయి."



అబిగేల్ రెండూ రాసింది. ఇన్నేళ్ళు వార్తలు రాశాక చెబుతున్నాను, ఆ రెండో వాక్యం మేము చాలాసార్లు వదిలేస్తాం.

తరవాతి సంగతి కూడా ఉన్నదున్నట్టే చెప్పాలి. ఇప్పుడు మంచు గడ్డకట్టకముందే యువకులు పారతో తీస్తున్నారు, చలి ముదిరితే ఇసుక చల్లుతున్నారు, ఉప్పు మగ్గుతో కొలిచి వేస్తున్నారు. మన పైపు దగ్గర ఉప్పు బాగా తగ్గింది. చేపలకి అది ఇంకా ఎక్కువే. ఎగువన లాట్లు చాలా ఉన్నాయి. అబిగేల్ రాసినదాంట్లో తమ పేరు చూసుకున్న జిమ్ వాళ్ళు వచ్చి మన ఇసుక సంగతి అడిగి వెళ్ళారు, ప్లాజా వాళ్ళు రాలేదు.

ఉప్పు తగ్గించి నన్ను మళ్ళీ పడేస్తారా అని సుగుణమ్మ గారు మీటింగులో నిలదీశారు. రూపవతి గారు ఆ ఆదివారం నుంచి కారు దగ్గరికి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించారు. ఈ చలికాలమంతా మానలేదు.

ఇప్పుడు రూపవతి గారు రిటైరై కనాటా ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆవిడ మొదలుపెట్టిన పని నిలుస్తుందా అని నన్ను చాలామంది అడిగారు. నాకు జోస్యం రాదు, చూసింది చెబుతాను. ఈ సాయంత్రం నేను కారు ఆపేసరికి ఒక పక్క షాలేమ్ రాజు గారు, ఒక పక్క అబిగేల్, మధ్యలో సుగుణమ్మ గారు. ముగ్గురూ ఏదో వాదించుకుంటూనే లోపలికి వచ్చారు.

రూపవతి గారూ, ఈ ఊరికి మీరు నేర్పినదానికి, నా వార్తల్లో మీరు దిద్దిన అంకెలకి కృతజ్ఞతలు. ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. బయట మైనస్ పద్నాలుగు ఉంది, లాటులో ఉన్నది ఇసుకే. వెళ్ళేటప్పుడు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. ఇక నాకు సెలవు.