తోక పాట

2004 మే నెల, మచిలీపట్నం. ఎల్లుండి నుంచి సెల్‌ఫోన్ల దుకాణంగా మారబోతున్న కోటేశ్వరరావు రికార్డింగ్ షాపు. గుడివాడ నుంచి పొద్దుటి బస్సుకి వచ్చిన జ్యోతిర్మయి కౌంటరు ముందు నిలబడి ఉంది. పక్కనే స్టూలు మీద ఎండుచేపల ధనమ్మ, ఒళ్లో పాడైపోయిన టేప్‌రికార్డరు పెట్టుకుని.

"పేరు తెలియకుండా పాట ఎలా వెతకమంటారమ్మా?"

"దాని పేరు ఎవరికీ తెలియదండీ. ఏ క్యాసెట్టు అట్ట మీదా రాసి ఉండదు. మీ దగ్గర పాటలు రికార్డు చేయించుకుంటే, ఒక వైపు అయిపోయే ముందు చివర్లో వచ్చేది. గిటారుతో మొదలవుతుంది. 'ఆఖరి బస్సు వెళ్లిపోనీ' అని..."

"తోక పాటా! ఆ ముక్క ముందే చెప్పరేం?"

"తోక పాటేంటి కోటేస్రావూ?"

"నీకు తెలీదా ధనమ్మా? అరవై నిమిషాల క్యాసెట్టు. వైపుకి ముప్పై. జనం లిస్టు రాసిచ్చిన ఆరు పాటలూ ఎక్కిస్తే ఇరవయ్యేడు నిమిషాలవుతాయి. మిగతాది ఖాళీగా వదిలితే షాపుకి పరువు తక్కువ. అందుకని ఆ తోకలో ఈ పాట అతికించేవాణ్ణి. మూడు నిమిషాలుంటే మూడు, రెండుంటే రెండు. టేపు ఎక్కడ అయిపోతే పాట అక్కడ తెగుద్ది."

"ఓరి నీ దుంపతెగ! గంగమ్మ తల్లి పాటలు చేసిమ్మంటే, అమ్మోరు అలా గుళ్లోకి వెళ్లిందో లేదో ఎనకమాలే డబడబా డబడబా! అది నువ్వు కావాలని పెట్టిందా?"

"తిట్టుకున్నావా?"

"మొదట్లో తిట్టుకున్నా. తర్వాత దానికోసమే ఆ వైపు వేసేదాన్ని. చేపలు ఏరేటప్పుడు ఆ పాట వచ్చిందంటే గంపలు వాటంతటయ్యే నిండేయి. మా ఆయన గంగన్న అయితే ఇసకలో ఒకటే గంతులు. కానీ నా దాంట్లో 'చినుకుల్లో నన్ను' అని ఆగిపోద్ది. ఆ నన్నుని ఏం చెయ్యాలో ఈ రోజుదాకా తెలవదు."

"నడవనీ."

"ఏంటి తల్లీ?"

"'చినుకుల్లో నన్ను నడవనీ.' మా క్యాసెట్లో అక్కడిదాకా ఉంది."

"నడవనీ! హమ్మయ్య. ఇన్నేళ్లకి ఆ మనిషిని వాన్లోంచి కదిలించావు."

"చూశారా అమ్మా, ఈ ఊళ్లో ఎవరి పాట వాళ్లది. పెడనలో కలంకారీ అచ్చులేసేవాళ్లు ఆ తాళానికే అచ్చు గుద్దేవాళ్లట. పాట తెగిన చోట చెయ్యి కూడా ఆగి, చీర మీద ఒక పువ్వు ఖాళీ పడేదట. బంటుమిల్లి బస్సు డ్రైవరొకాయన, 'ఏంటయ్యా, ఆఖరి బస్సు వెళ్లిపోనీ అంటే ఇక నేనెందుకు' అని పోట్లాటకొచ్చాడు. నెల తిరక్కుండా తనే వచ్చి, ఇంకొంచెం పొడుగ్గా పెట్టమన్నాడు."

"నాకు పొడుగ్గా కాదండీ, మొత్తం కావాలి. ఆఖరి చరణంతో సహా. అదీ ఇవాళే."

"ఇప్పుడు అంత అవసరం ఏమొచ్చిందమ్మా?"

"రేపు కాలేజీలో పాత విద్యార్థుల సభ ఉంది కదండీ. అందులో మా వారు ఆ పాట పాడాలి. కాగితాల మీద అచ్చు కూడా వేయించేశారు, 'గిరీష్ గారిచే' అని. ఆఖరి చరణం రాకపోతే అంతమందిలో తల కొట్టేసినట్టవుతుంది."

"ఈ పాటే ఎందుకు?"

"పాడింది మా వారే కదా మరి."

"ఆఁ! ఆ గొంతు మీవారిదా? ఎంత మాట చెప్పారమ్మా! పదిహేడేళ్లుగా వేలమందికి ఎక్కించాను, ఒక్కరికీ తెలీదు. ఆ బరువు, ఆ నిదానం... కూర్చోండి, కూర్చోండి. ధనమ్మా, ఆ స్టూలిటియ్యి. ఆయన్నే తీసుకురాలేకపోయారా? ఒక్కసారి చూసేవాణ్ణి."

"గొంతు నొప్పండీ. మూడు రోజులుగా."

"అయ్యో. రేపటికెలా?"

"ఆ పిలుపు అందిన సాయంత్రమే మొదలైంది."

"గొంతు నొప్పయితే పాడకూడదు గానీ బస్సెక్కకూడదా తల్లీ? ఇంతకీ పాడినోడికి పాట మరుపొచ్చుద్దా?"

"చాలా ఏళ్లయింది కదమ్మా."

"మా అత్త తిట్టిన తిట్లు నాకు నలభై ఏళ్లయినా వరసన వస్తాయి."

"ఊరుకో ధనమ్మా. అందరూ నీలా ఉంటారా? మీకెప్పుడు తెలిసిందమ్మా, పాడింది ఆయనని?"

"పెళ్లిచూపుల్లో. గుడివాడలో మా ఇంట్లో. ఖాళీగా కూర్చుంటే బావుండదని మా తమ్ముడు దేవుడి పాటల క్యాసెట్ పెట్టాడు. మీ దగ్గర చేయించిందే. పెద్దవాళ్లు మాటల్లో పడ్డారు, ఎవరూ చూసుకోలేదు. చివర్లో ఇది మొదలైంది. మా నాన్నగారు 'ఏమిట్రా ఆ గోల, ఆపు' అన్నారు. అప్పుడు ఈయన గొంతు సవరించుకుని, 'ఇది కాలేజీలో నేను పాడిందేనండీ' అన్నారు."

"అబ్బో! మీ నాన్నగారేమన్నారు?"

"మా నాన్నగారు వెంకట్రామయ్య గారంటే మా వీధిలో అందరికీ హడల్. మేం వంటింట్లో కూనిరాగం తీసినా, 'ఆడపిల్ల గొంతు వీధిలోకి వినపడకూడదు' అనేవారు. ఇక్కడ బీయస్సీకి పంపేటప్పుడు మా అమ్మ చేత కూడా ఒట్టేయించుకున్నారు. అలాంటి మనిషి, 'ఏమి గొంతు బాబూ, కళ అంటే ఇదీ' అని ముందుకు వంగి విన్నారు. ముహూర్తం ఆ పూటే పెట్టేశారు."

"మరి నువ్వేమన్నావు తల్లీ?"

"నేను కాఫీ ట్రే పట్టుకుని నించున్నాను. కాఫీ సాసర్లో ఒలికింది. సిగ్గనుకున్నారు అందరూ."

"కాదా?"

"నవ్వాపుకున్నాను."

"నవ్వెందుకు?"

"ఏమోనమ్మా. వయసు."

"నా మటుకు నాకు ఒక అనుమానం కోటేస్రావూ. 'చెప్పులు చేతిలో పట్టుకుని' అంటాడు చూడు. వానలో మగాడెవడు చెప్పులు చేతిలో పట్టుకుంటాడు? తడిస్తే తడిశాయని ఈడ్చుకుంటా పోతాడు. చెప్పులు అరిగితే ఇంట్లో ఏమంటారోనని ఆడదే విప్పుకునేది. గిరీష్ బాబు ఎవరో గానీ, ఆడదాని మనసు తెలిసినోడే."

"చెప్పుల సంగతి ఆయనకంత తెలియదులే అమ్మా. ఇప్పటికీ ఎక్కడ విడిచారో నన్నే అడుగుతారు."

"నాకు నచ్చేది ఆ పాట వెనక వినబడే చప్పుడు. పాటంతా తూములో నీళ్లు పారుతున్నట్టు..."

"నీళ్లు కాదండీ. ధాన్యం. రైస్ మిల్లులో బస్తాలు కుమ్మరిస్తుంటే..."

"అవునా? మీవారు చెప్పారా?"

"ఊఁ... ఆ క్యాసెట్టు ఎక్కడుందో చూడండి, నాకు బస్సుంది."

"చూస్తున్నానమ్మా. నా దగ్గర రెండుండేవి. నేను తోకలకి వాడుకునే టేపులో నాలుగు నిమిషాలే ఎక్కించుకున్నా. తోకకి అంతకన్నా ఎందుకు? అది మొన్నామధ్యే అరిగి తెగింది. అసలుది మాత్రం ఆ రోజు ఒక్కసారి ఎక్కించి పెట్టెలో పెట్టేశా. మొత్తం నేనూ వినలేదు. నాంచారయ్య తెచ్చిచ్చాడు దాన్ని. అవనిగడ్డ కుర్రాడు, గిటారు వాయించింది అతనే. అన్నట్టు, రేపు నాంచారయ్య కూడా వస్తున్నాడుగా!"

"ఎవరూ? రేపా?"

"విశాఖలో ఉంటున్నాడిప్పుడు. నిన్న ఫోన్ చేశాడు, గిటారు పట్టుకొస్తున్నాడట. 'పాడిన మనిషి కనబడితే మాత్రం వదలను, మొత్తం పాడిస్తాను' అన్నాడు. మీవారికి చెప్పలేదా?"

"చెప్పినట్టు లేదండీ."

"నేను ఎన్నిసార్లు అడిగానో, ఎవరయ్యా పాడిందని. 'చెప్పనని ఒట్టేశాను కోటేశ్వరరావు గారూ' అంటాడు. మగాడి పేరు దాచడానికి ఒట్టెందుకో నాకర్థం కాదు."

"నాకర్థమవుతా ఉంది. ఆ గొంతు నొప్పి రేపటికి తగ్గేది కాదు."

"ధనమ్మా!"

"దొరికిందా అండీ?"

"ఇదిగో... నూట పద్నాలుగు... నూట పదిహేను... ఆఁ, ఇదే! అట్ట మీద బస్సు బొమ్మ వేసుంది చూడండి, పెన్నుతో. చక్రాలు మూడే వేశారు."

"నాలుగోది వేస్తుంటే పెన్నులో ఇంకు అయిపోయింది."

"ఏమన్నారు?"

"ఏం లేదండీ. పెట్టండి."

"పెడుతున్నా. ఈ మిషన్ కొత్తది, ఢోకా లేదు. ధనమ్మా, మాట్లాడకు."

"నేనెక్కడ మాట్లాడుతున్నా?"

"గిటారు వస్తోంది... కొంచెం హుషారుగా ఉందే. మన తోక పాట ఇంత వేగం లేదు."

"కోటేస్రావూ... అది ఆడపిల్ల గొంతు."

"ఉండుండు."

"ఉండేదేంటి? చెవులు పెట్టుకుని విను. ఇరవయ్యేళ్లు కూడా లేని ఆడపిల్ల!"

"పాట అదే... మాటలు అవే... అమ్మ బాబోయ్! బెల్టు!"

"ఏం బెల్టు?"

"అప్పట్లో అసలు టేపు వేసే నా పాత మిషన్‌కి బెల్టు సాగిపోయింది. అది నిదానంగా తిరిగేది. నెల తర్వాత మార్చా. ఈ పాటని తోక టేపులోకి ఎక్కించింది ఆ నెలలోనే! నిదానంగా తిరిగితే పాట సాగుద్ది, గొంతు లావైపోద్ది. పదిహేడేళ్లు ఈ జిల్లా అంతటికీ ఒక ఆడపిల్లని మగాణ్ణి చేసి వినిపించాను!"

"మంచి పని చేశావు."

"అమ్మా... మీరేమీ అనుకోకండి. మీవారు ఏదో, పెళ్లిచూపుల్లో సరదాకి..."

"కాస్త మాట్లాడకండి. విననివ్వండి... ఎంత సన్నగా ఉందో. అసలు భయమే లేదు."

"ఏడుస్తున్నావా తల్లీ?"

"లేదమ్మా. ఎండలో వచ్చాను కదా."

"ఇదిగో, నా మాట విను. మొగుళ్లు ఇంతకంటే పెద్దవే ఆడతారు. మావాడు పెళ్లికి ముందు సొరచేపని ఒట్టి చేతుల్తో పట్టానన్నాడు. తీరా చూస్తే ఈతే రాదు. తర్వాత నేనే నేర్పించా, నడుముకి తాడు కట్టి. రేపటికి ఏదో ఒకటి చేద్దాం. జొరం అని చెప్పు."

"ఆ అమ్మాయి ఎవరో నాంచారయ్యని అడిగి పట్టుకుందాం అమ్మా. కాళ్లూ వేళ్లూ పడితే ఒట్టు తీసి గట్టున పెడతాడు. ఆవిణ్ణి బతిమాలి మీవారి పరువు..."

"ష్! ఇదే చివరి పల్లవి. దీని తర్వాతే ఆఖరి చరణం..."

"అయ్యో! అయ్యయ్యో! రీలు మింగేస్తోంది! ఆపు, ఆపు! ధనమ్మా, ఆ స్విచ్చి తియ్యి!"

"తీశా, తీశా!"

"పెన్సిల్... నెమ్మదిగా... నెమ్మదిగా... ప్చ్."

"తెగిందా?"

"తెగడం కాదమ్మా, నలిగి పీచైపోయింది. సరిగ్గా ఆఖరి చరణం ఉన్న చోటే. మిషన్ కొత్తదే గానీ టేపు ముసలిది. అయిపోయింది. ఇక ఈ భూమ్మీద ఆ చరణం ఎవరికీ తెలిసే దారి లేదు."

"పెన్నుందా అండీ?"

"ఉంది... ఎందుకు?"

"రాసుకోండి.

తడిసిన జడనే పిండుకుని
తలుపును ధీమాగా తట్టనీ
ఎవరని ఇంట్లో అడిగితే
నేనేనని గట్టిగా చెప్పనీ.

రాసుకున్నారా?"

"పాడుతూ చెప్తే రాసేదెలాగమ్మా... ఇది ఏ క్యాసెట్లోనూ లేదే! మీకెలా..."

"నోరు మూసుకుని రాయి కోటేస్రావూ. బెల్టు మార్చినా నీకు బుర్ర తిరగలేదు."

"ఒక్క నిమిషం, సెల్లు మోగుతోంది. మా వారే. తనది నాకిచ్చి పంపారు... హలో. ఆఁ, దొరికిందండీ. ఆఖరి చరణం కూడా. మీరు పాడతారా? అందులో తడిసిన జడ పిండుకోవడం ఉంది, చూసుకోండి మరి... గొంతెలా ఉంది? వేడి నీళ్లు పుక్కిలించారా? సరే గానీ, ఇంకో సంగతి. రేపు నాంచారయ్య గారు వస్తున్నారట, గిటారు తీసుకుని. హలో? ఏవండీ, వింటున్నారా?"

"పడిపోయాడేమో చూడు తల్లీ."

"కంగారు పడకండి. మీరేం పాడక్కర్లేదు, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడితే చాలు. ఆ పాట అసలు పాడిన మనిషి రేపు వస్తోంది. అవును, ఆడమనిషే. మీకు తెలియకపోవడమేంటండీ? పెళ్లిచూపుల్లో మీ చేతికి కాఫీ అందించింది ఆవిడే."