జెట్టీ ఎత్తు

చమురు కంపెనీలో ప్రమోషన్ వచ్చిన శాస్త్రవేత్త కొత్త గదికి ల్యాబులోని పాత స్నేహితుడు వచ్చాడు. కిటికీ నిండా సముద్రం.

“మన చమురు పొగకి సముద్రం పైకొస్తుందని రాసిన నాకేమో కిటికీ లేని కొట్టు. ‘ఇంకా ఏమీ తేలలేదు’ అని రాసిన నీకు ఈ గది. కడుపు మండదూ?”

“బావుల్లో ఇంకా నలభై ఏళ్ళ చమురుందిరా. నీ రిపోర్టు బయటికొస్తే జనం తోడనిస్తారా?”

“అందుకని బీరువాలో పడేశారు. ఒక్కడూ నమ్మలేదు.”

“ఎవరన్నారు? అటు చూడు, ఓడలు ఆగే మన జెట్టీ ఎత్తు పెంచుతున్నారు.”

“ఎంత?”

“ఆరడుగులు. నువ్వు రాసిన అంకే.”

“అయితే నన్ను నమ్మారా?”

“నిన్నే నమ్మార్రా. నేను రాసింది మాత్రం బయటివాళ్ళు నమ్మితే చాలట. ఇప్పుడు చెప్పు, నా కడుపు మండదూ?”