అరవై అయిదంగుళాల కాలవ

"నేను చెప్పేది చిన్న సంగతే బావా, ఎక్కువ చేసి చెప్పను. మొన్న క్రికెట్ చూస్తన్నానా, బౌలరు బంతి పట్టుకుని పరిగెత్తుకొస్తన్నాడు, ఆ బంతి మీద కుట్లు లెక్కపెట్టేశాను. అంతే. ఒక కుట్టు ఊడుంది."

హరిబాబు ఇంటి అరుగు మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చుని చెబుతున్నాడు బాబ్జీ. ఎదురుగా కుర్చీలో హరిబాబు. గోడకి ఆనుకుని పక్కింటి ముసలయ్య. గుమ్మంలో హరిబాబు భార్య కుసుమ, ఒళ్ళో చేట. కింది మెట్టు మీద కాలవ తూములు చూసే లష్కరు సూగప్ప. అతన్ని ఎవరూ పిలవలేదు.

సిరవార దగ్గర ఈ ఆంధ్రా రైతుల క్యాంపులో అరవై అయిదంగుళాల ఫోర్ కే టీవీ మొదట కొన్నది బాబ్జీయే. రేపు సోమవారం హరిబాబుని రాయచూరు తీసుకెళ్ళి అలాంటిదే కొనిపిస్తానంటున్నాడు. హరిబాబు సగం ఒప్పేసుకున్నాడు. కొంటే, నీళ్ళు తోడే ఇంజను కోసం తీసిపెట్టిన డబ్బుతోనే కొనాలి.

హరిబాబు వాళ్ళ పొలం పిల్లకాలవకి చిట్టచివర. రెండు వారాలకోసారి మంగళవారం వాళ్ళ వంతు. ఆ రోజు పై తూములన్నీ మూసుండాలి. మొన్న మంగళవారం చుక్క రాలేదు. నారుమడి నెర్రెలిచ్చింది. ఇంజనుంటే మురుగుకాలవలోంచైనా తోడుకోవచ్చు. లేకపోతే ఇంకో నాలుగు రోజుల్లో నారు పోతుంది. నారు పోతే ఈ కారు పంట లేదు.

అయిదు రోజులుగా కుసుమకి నిద్ర లేదు. ఎవర్ని చూసినా అనుమానమే. సూగప్ప మీద మరీను, తూముల తాళాలు అతని దగ్గరే ఉంటాయి గనక. ఇప్పుడు బాబ్జీ మీద కూడా. మేం టీవీ కొంటే ఇతనికెందుకింత సంబరం?

"కేబులు పాతదేగా అన్నయ్యా," అంది. "టీవీ మారితే బొమ్మ మారుద్దా?"

"భలేదానివి చెల్లెమ్మా! కేబులు ఎంత పాతదైతే ఈ టీవీకి అంత పౌరుషం. ఇందులో బొమ్మ రావడం కాదు, ఇదే వెళ్ళి పట్టుకొచ్చుద్ది. రైతుల కార్యక్రమంలో వరిచేను చూపిస్తన్నారు, ఆ ఆఫీసరేమో చీడాపీడా ఏమీ లేదంటన్నాడు, నేను మంచం మీంచి చూద్దును గదా, మూడో దుబ్బు మొదట్లో సుడిదోమ! ఆడదోమండీ. కడుపుతో ఉంది. వెంటనే ఫోను కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఫీసరు వంగి చూసి, నాలిక్కరుచుకుని, టీవీలోంచే నాకు దణ్ణం పెట్టాడు."

"నీకా?" అన్నాడు ముసలయ్య.

"నాకే బాబాయ్. పరాయి మగాడు ఇటు తిరిగాడని మా ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది."

హరిబాబు పకపకా నవ్వాడు. నవ్వుతూనే కిటికీ పక్క గోడని జానతో కొలుస్తున్నాడు. అయిదు జానలు. ఆరు. కుసుమ చూస్తోంది.

"ఎంత దూరంలో కూర్చోవాలి బావా?"

"ఎనిమిదడుగులు. ఇంకా దగ్గరికెళ్తే తడుస్తావు. నిజం! మొన్న మలెనాడు కొండల్లో వాన చూపించారు, మా అత్తగారు మేడ మీద మిరపకాయలు తియ్యడానికి పరిగెత్తింది. అది కాదు విశేషం, ఆ వాన గంటసేపు చూసినందుకు ఆవిడకి జలుబు చేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మందు రాయలేదు, టీవీ ముందు గొడుగేసుకుని కూర్చోమన్నాడు."

"మీ ఇంట్ల ఉన్నది టీవీయా, వానమొగులా సార్?" అన్నాడు సూగప్ప.

కుసుమ నవ్వలేదు. "ఇవన్నీ మీ ఇంట్లోవాళ్ళే చూశారు. మేం చూసింది ఒక్కటి చెప్పండన్నయ్యా."

బాబ్జీ పంచె సర్దుకున్నాడు.

"సాక్ష్యం కావాలా? చెబుతా. నా చేను చూస్తన్నారా లేదా? తొణికిసలాడతా ఉందా లేదా? ఆ నీళ్ళు ఎట్టా వచ్చినయ్యనుకున్నారు? టీవీ వల్ల! సాయంత్రం వార్తల్లో ఆకాశంలోంచి మన పెద్దకాలవ చూపించారు, ఆ నీళ్ళ మొనలో నీలం చెప్పొకటి కొట్టుకొస్తంది, ఎడంకాలుది, మడమ దగ్గర అరిగింది. వంతెనకీ వంతెనకీ ఎంతసేపు పట్టిందో చూసి, వేళ్ళ మీద లెక్కేశా. తెల్లారి అయిదుకి మన తూముకాడికి వచ్చుద్ది. అయిదుకల్లా బండేసుకెళ్ళి గట్టు మీద నించున్నా. చెప్పు రాలేదు. బీడీ వెలిగించా. సగం బీడీకి చెప్పొచ్చింది, వెనకే నీళ్ళు, ఏం నీళ్ళండీ! నేను తూము పలక ఎత్తానో లేదో, తాటిచెట్టంత లేచి నా చేలోకి దూకినయ్యి. పన్నెండెకరాలూ అరగంటలో నిండిపోయి, చోటు చాలక చేపలు గట్టెక్కి కూర్చున్నాయంటే నమ్ము!"

కుసుమ చేతిలో చేట ఆగింది.

"అది ఏ రోజన్నయ్యా?"

"మంగళవారం. మొన్న మంగళవారమే. నాకు బాగా గుర్తు."



"మంగళవారం నీళ్ళు మావి," అంది కుసుమ.

సూగప్ప మెట్టు మీంచి లేచి బాబ్జీ వైపు తిరిగాడు. "పొద్దుగాల పోయి చూస్తే మీ తూము తాళం పగిలి ఉండె. చెప్తే ఒక్కరు నమ్మలే. ఏంది సార్, మీరు నీళ్ళు తీసుకుంటిరి, దొంగ పేరు నాకొచ్చె గదా గిట్ల!"

"అబ్బే, అదేదో ఊరికే..." బాబ్జీ అందరి మొహాలూ చూశాడు. "కోత! కోతలు కోస్తారుగా సరదాకి? తూము దగ్గరికే వెళ్ళలేదు నేను!"

"టీవీ సంగతి?" అంది కుసుమ.

"అదీ కోతే చెల్లెమ్మా! కుట్లూ లేవు, దోమా లేదు. మన కేబులుకి మనుషుల మొహాలు పిండిముద్దల్లా ఉన్నయ్యి. పాత టీవీలో మూరెడున్న మసక దీంట్లో గోడంత ఉంది. నలుగురిలో ఎట్టా చెప్పుకునేది? మా ఆవిడ నాతో మాట్లాట్టం మానేసింది. బావ కూడా కొంటే, తెలివితక్కువాణ్ణి నేనొక్కణ్ణే కాదని..."

హరిబాబు గోడ మీంచి చెయ్యి తీసేశాడు.

"టీవీ కోతే. నమ్మాం," అంది కుసుమ. "మీ చేలో నీళ్ళు కోత కాదు. చేలో నీళ్ళున్నాయి, తాళం పగిలింది. దానికేమంటారు?"

బాబ్జీ మళ్ళీ పంచె సర్దుకున్నాడు. 

"చెప్పరా," అన్నాడు ముసలయ్య. "చేపలు పగలగొట్టాయా?"

బాబ్జీ తల వంచుకున్నాడు.

హరిబాబు మూలనున్న పార తీసి అతని చేతికిచ్చాడు. "పద బావా. మీ చేలోంచి మా నారుమడి పల్లమే. నువ్వే గండి కొట్టు."

"సూగప్పా," అంది కుసుమ.  "నిన్ను అనుమానించాను. తప్పు నాది."

"పోనీ తియ్యమ్మా. ముందు నీళ్ళు రానీ," అంటూ అతను ముందు నడిచాడు.

హరిబాబు మెట్లు దిగి, వెనక్కి తిరిగి చూశాడు. "మరి రేపు రాయచూరు?"

"వెళ్ళండి. ఇంజను కొనుక్కురండి," అంది కుసుమ. "బాబ్జీ అన్నయ్యని మాత్రం తీసుకెళ్ళకండి. అది పాతాళగంగనే పైకి లాగుద్దని చెబుతాడు, మీరు నమ్ముతారు."