రెండు లైన్ల పెట్టె

జూన్ పదకొండు, బుధవారం, తెల్లారినప్పటినుంచీ ఒకటే ముసురు. ఇంత వానలో, ఈ మోకాళ్లతో, చంకలో చదరంగం బల్ల పెట్టుకుని నీ గుమ్మం ఎక్కితే, నువ్వు కిటికీ వైపు తిరిగి కూర్చుంటావా బావా? బాగుంది మర్యాద!

తువ్వాలయినా ఇవ్వవా? సరే, నీ దుప్పటికే తుడుచుకుంటాలే.

అక్క పోయి రెండు నెలలు. వీలునామా చదివి వారం. ఈ వారంలో నీ నోట్లోంచి ఒక్క మాట రాలేదట. "అన్నం ముందు కూడా బొమ్మలా కూర్చుంటున్నాడు మావయ్యా" అని నీ కూతురు నాకు ఫోను. ఎందుకో నాకు తెలీదనుకున్నావా? ఆస్తి రాలేదని కాదు. పోతూ పోతూ నీ పేరున ఆ పాత ఫోను పెట్టె రాసిందని. నలుగురి ముందు కట్టుకున్నవాణ్ణి వెక్కిరించి పోయిందని. అవునా?

అదుగో, మెడ కదిలింది!

ఆ పెట్టె సంగతి నీకు సగమే తెలుసు. నువ్వేమో ఊరి చివర గోడౌన్లో, నేనూ అక్కా బజారులో మోటార్ల కొట్టులో. రెంటినీ కలిపేది అదే. ఒకేసారి రెండు సంభాషణలే పట్టేవి దాంట్లో. మూడోవాడు చేస్తే కుయ్, కుయ్, కుయ్. పైగా వాయిస్‌మెయిల్ మిషను నీ దగ్గర పెట్టారాయె! కొట్టుకి చేసినవాడు ఏదైనా చెప్పి పెట్టాలంటే, ఆ మాట కూడా ఉన్న రెండు లైన్లలో ఒకదాన్ని పట్టుకునే నీ దాకా రావాలి.

మా కాలేజీలో ఫిజిక్సు మాష్టారొకాయన ఇలాంటి పాఠమే చెప్పేవాడు, సన్నమూతి సీసాలోకి బిందెతో నీళ్లు పోసి చూపిస్తూ. సగం నా చొక్కా మీదే. మంచి మనిషి, పాపం, పెళ్లి చేసుకోలేదు. ఏం చెప్తున్నాను? ఆ, లైన్లు.

ఉన్నవి రెండు. అందులో ఒకటి పొద్దున్నించి సాయంత్రం దాకా మన చదరంగానిదే! ఎత్తుకీ ఎత్తుకీ మధ్య కూడా ఫోను పెట్టేవాళ్లం కాదు, పెడితే మళ్లీ లైను దొరకదని. రిసీవరు బల్ల మీద పడుకోబెట్టి "బావా, గుర్రం!" అని నేను కేకేస్తే, అట్టపెట్టెల అవతలి నుంచి "ఆగరా, ఆలోచిస్తున్నా" అని నువ్వు. ఏం ఆలోచనయ్యా అది! నువ్వొక బంటు జరిపేలోగా లారీ సరుకంతా దిగిపోయేది.

ఇటు అక్క గోడౌనుకి చేస్తే కుయ్, కుయ్. రెండో లైను మీద ఎవడో మిషనుకి తన గోడు చెప్పుకుంటూ ఉంటాడు. విసవిసా వచ్చి నా చేతిలో రిసీవరు లాక్కునేది. "ఏమండీ, ఏనుగుల్ని తర్వాత తోలుకోవచ్చు, ముందు మోటార్లు ఎక్కించండి! మందు వేసుకున్నారా? ఆ దగ్గేంటి? మాసిన చొక్కా ఎందుకు తొడుక్కెళ్లారు?" మోటార్ల మాట ఒకటుంటే మిగతావన్నీ నీ గురించే.

ఇంట్లో మీరిద్దరూ అలా మాట్లాడుకోగా నేనెప్పుడూ చూళ్లేదు. నువ్వు పేపరు వెనక, అక్క లెక్కల వెనక.

ఇప్పుడు విను. ఫోన్లు బాగుచేసే అతను ఒకసారి కొట్టుకొచ్చి, "అమ్మా, ఇంత చిన్న కార్డు ఒకటి లోపల గుచ్చితే నాలుగు లైన్లవుతాయి, ఈ తిప్పలుండవు" అన్నాడు. నేను పక్కనే ఉన్నా. "వద్దు నాయనా, రెండే ఉండనీ" అంది అక్క. అతను వెళ్లాక, ఇంత పిసినారివేంటే అన్నాను. నవ్వింది. "ఒరేయ్, నాలుగుంటే నాకు లైను దొరుకుతుంది. దొరికితే గోడౌను గుమాస్తాతో చెప్పి పెట్టేస్తాను. మరి మీ బావని తిట్టడానికి సాకేదిరా?"

అలా చూడకు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటావా? చెబితే ఆట మానేసి మురిసిపోతూ కూర్చునేవాడివి!

సోమవారం నీ కూతురు కొత్తది పెట్టించింది. ముప్పై లైన్లట. నిన్న గోడౌనుకి చేశాను, చిటికెలో కలిసింది. నువ్వు లేవు. అయినా చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నా. ఎవరూ కసరలేదు. ఎవరూ లాక్కోలేదు. మనం ఇప్పుడు ఎవరికీ అడ్డం కాదు బావా. ఏం చేసుకుంటాం ఆ ముప్పైనీ?

బల్ల దేనిమీద పెట్టను? ఆ, మంచం కింద దాచావే నీ ఆస్తి, దాని మీదే పెడతా. సరిగ్గా సరిపోయింది చూడు!

ఏంటి, చెయ్యి చాస్తున్నావు? గుర్రమా? ముట్టుకున్నావు, ఇక జరపాల్సిందే.

కొట్టు నీ కూతురికి. గోడౌను నీ కొడుక్కి. పెట్టె నీకు. ఇక నాకు? ఇంత మాట ఇన్నాళ్లు కడుపులో దాచినందుకు, తోడబుట్టినవాడికి పూచికపుల్ల కూడా రాయలేదు మా అక్క. పోనీలే. నీ ఎత్తు కానియ్.