బోయనేర్గెసు బ్యాండు

"ఒరే ప్రకాషూ, పలకరా. కళ్లు మూసీకు."

"మూయలేదు. ఇక్కడంతా సీకటే."

"కాళ్లు తెలస్తన్నాయా?"

"ఒకటి తెలస్తన్నాది. రెండోది ఉన్నాదో నేదో నువ్వే సూసి సెప్పు."

ఆదాము చూడలేకపోయాడు. 2014 అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం. భోగాపురం దగ్గర వాళ్ల ఊళ్లో, చర్చి వెనకున్న పాత మిషన్ హాలు కప్పు తుఫాను గాలికి సగం కూలింది. దూలం కింద ప్రకాష్ ఇరుక్కుపోయాడు. విరిగిన కిటికీలోంచి భుజం దాకా దూర్చితే ఆదాముకు అతని చెయ్యి మాత్రం అందింది. తన లారీలోంచి జాకీ తెస్తానని ఆ ఊరి డ్రైవరు జోగయ్య పరిగెత్తి అరగంట దాటింది. మిగిలిన గోడ గాలి విసిరినప్పుడల్లా మూలుగుతోంది. ఒకే చర్చిలో చెరో వైపు బల్లల మీద కూర్చుంటూ ఈ ఇద్దరూ మాట్లాడుకుని పాతికేళ్లయింది.

"కాలు బాగానే ఉన్నాది."

"నీ గొంతులో తెలస్తన్నాదిలే, ఎంత బాగున్నాదో."

"తుఫానని పొద్దుట్నించి మైకులో మొత్తుకున్నారు కదా. లోపలికెందుకెల్లేవురా?"

"ఆ గోడ... ఎటేపు ఒరుగుతన్నాది?"

"ఎటూ ఒరగట్లేదు. అడిగినదానికి సెప్పు."

"వేరే ఏటన్నా మాటాడు. బయమేస్తన్నాది. మన బ్యాండు గురించి సెప్పు."

ఆదాము ముఖం తుడుచుకున్నాడు. వాన ముఖం మీద కొడుతోంది. అయినా ఈ మనిషిని మాటల్లో ఉంచాలి. మాట ఆగితే చెయ్యి కూడా జారిపోతుందేమోనని అతని భయం.

"పేరు నువ్వే పెట్టేవు, బోయనేర్గెసు అని. ఉరిమేవోళ్లని అర్థం. బైబిల్లో పేరని పాస్టరుగారు సంబరపడిపోయి ఈ హాలిచ్చీసినారు."

"మొదటిరోజు మన రాక్ మ్యూజిక్ ఇని సెవులు మూసుకున్నారు."

"నవ్వకు. దుమ్ము లోపలికెల్లిపోతాది."

"నా గిటారు... వడ్రంగి కూర్మయ్య సేసినాడు కదా. టేకు సెక్కతో."

"మంచంకోళ్లు సేసే మనిషి. గిటారు కూడా మంచమంత బరువుండేది. రేడియోలో ఇంగ్లీషు పాటలిని నేర్సుకునేవోళ్లం. మాటొక్కటీ అర్థమయ్యేది కాదు. నోటికొచ్చింది పాడీసేవోడివి."

"ఎవులూ కనిపెట్టలేదు."

"ఇజీనగరం కాలేజీలో ఎనిమిదొందలమంది కుర్రోళ్లు. ఒక్కడూ కనిపెట్టలేదు."

"ఆ రోజు కరెంటు పోనాది."

"పోనాది. నీ గిటారు మూగబోనాది. నా డ్రమ్ములకి కరెంటెందుకు? నాను ఆపలేదు. ముందోళ్లు బెంచీలు కొట్టడం మొదలెట్టేరు, ఎనకోళ్లు అందుకున్నారు. నువ్వు మైకొదిలీసి స్టేజీ అంచుకొచ్చి ఉత్త గొంతుతో అరిసేవు. ఆ హాలంతా ఒకటే గుండెకాయలాగ కొట్టుకున్నాదిరా."

"అలాటిది మళ్లీ నాకు..."

పైనుంచి పెంకులు జారిపడ్డాయి. లోపల ఏదో విరిగింది. ఆదాము తల పక్కకు తిప్పుకున్నాడు గానీ పట్టు వదల్లేదు.

"ప్రకాషూ? సెయ్యి నొక్కు. నొక్కరా."

"నొక్కతన్నాను. ఒరే, నాను సచ్చిపోతానేటి?"

"నోరుముయ్యి. జోగయ్య వచ్చీసినాడు, మలుపు దగ్గరున్నాడు."

మలుపు దగ్గర ఎవరూ లేరు. సరుగుడు చెట్లు నేలకు వంగి లేస్తున్నాయి.

"ఆదాము, ఆ సికాకుళం ప్రోగ్రాము..."

"ఇప్పుడొద్దు."

"ఇప్పుడే సెప్పాల. సినిమా పాటల ఆర్కెస్ట్రావోళ్లు పిలిచీరు. ఎల్లిపోనాను. నీకో మాట సెప్పడానికి మొహం సెల్లలేదు."

"రెండు గంటలు స్టేజీ మీద ఒక్కడినే కూకున్నాను. సెప్పులు పడ్డాయి మీద. వస్తాడు, వస్తాడనే సెప్తన్నాను జనానికి. దారిలో నీకేటయిపోనాదోనని ఒణికిపోనాను తెలుసా? తెల్లారేక తెలిసినాది, బతికే ఉన్నావని."

"తప్పేరా."

"అప్పుట్నించి డ్రమ్ము ముట్టలేదు నాను."

ఆదాము కిటికీలోకి ఇంకాస్త దూరాడు.

"ఇన్నావా? ముట్టలేదన్నాను."

ఆదాము వేళ్ల మధ్య ఆ చెయ్యి మెత్తబడింది. నొక్కాడు, గిల్లాడు, పేరు పెట్టి పిలిచాడు. చిన్నప్పటి ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. రెండు వేళ్లతో అతని అరచేతి మీద తాళం వేయడం మొదలుపెట్టాడు, కాలేజీలో కరెంటు పోయినప్పుడు వాయించిన తాళమే. ఎంతసేపు వేశాడో తెలియదు. తన భుజం మీద ఎవరిదో తడిచెయ్యి పడ్డాకే జోగయ్య వచ్చాడని తెలిసింది.

జోగయ్యతో వచ్చిన నలుగురు పట్టి జాకీ దూలం కింద దోపారు. దూలం జానెడు లేచేసరికి గోడ పక్కకు ఒరిగింది. జోగయ్య, ఆదాము కలిసి ప్రకాష్‌ను చంకల కింద పట్టి బయటికి లాగిన కాసేపటికే ఆ గోడ లోపలికి కూలిపోయింది. ప్రకాష్ కాలు మోకాలి కింద ఇంకో వైపు తిరిగి ఉంది. ఊపిరి ఉంది. ముఖం మీద వాన పడి కళ్లు తెరిచాడు. చర్చిలోంచి బల్ల తెచ్చి దాని మీద పడుకోబెట్టారు. ప్రకాష్ భార్య ఎలీసమ్మ ఏడుస్తూ తన కొంగుతోనే ఆ కాలు కట్టింది. బల్ల తలవైపు ఆదాము పట్టుకున్నాడు. లారీ దాకా నడవాలి.

"బేగి నడవండి. ఒరే ప్రకాషూ, పడుకోకు. ఇప్పుడన్నా సెప్పు. ఏటుందని ఎల్లేవు లోపలికి?"

"ఆదివారం ప్రార్థనయి అందరూ ఎల్లిపోయేక, నువ్వు హాల్లోకెల్లి మన పాత డ్రమ్ములు వాయించుకుంటావు కదా."

ఆదాము అడుగు తడబడింది.

"నీకెవులు సెప్పేరు?"

"గోడవతల కూకుని ఇంటాను. శానా ఏళ్లబట్టి. ఈయేల కూడా సప్పుడయినాది. గాలికి రేకు కొట్టుకుంటన్నాదని నాకు తెలీలేదురా. నువ్వు లోపలున్నావనుకున్నాను."