గోడకు ఇవతలి పొయ్యి

కరువొచ్చిన ఏడాది, ధర్మపురి దిక్కు ఒక ఊరు. ఇంటి వెనుక గోడకు బుచ్చవ్వ వేసుకున్న కొత్త పొయ్యి కాడికి కొడుకు రాయమల్లు వచ్చి నిలబడ్డడు.

“పొయ్యిల లెక్క చూసే గిర్దావరు ఆఖరుసారి వచ్చి రాసుకోని పోయిండే అవ్వా. ఇగ ఆర్పు గా పొయ్యి.”

“ఎసరు మసులుతుంది. జర ఆగు.”

“ఇయ్యాల గూడ ఎసరెందుకు పెట్టినవ్? ఉత్త పొగ పెట్టుమంటి గద!”

“ఉత్త పొగకు నమ్ముతడా ఆయన? మొదటి దినమే బూడిదల చెయ్యి పెట్టి చూసిండు, వెచ్చగున్నదా అని. కుండ మూత తీసి వాసన చూసిండు. సర్కారు కరువు పనికి, కంకర కొట్టెతందుకు, పొయ్యికొక్క చిట్టి అన్నంక ఊరంత దొంగ పొయ్యిలే లేస్తున్నయి అన్నడు. అందుకే వండిన.”

“మంచిగ చేసినవ్. తల్లి కొడుకులు వేరువడ్డరని మొదట్లనే రాసుకున్నడు, నాకొక చిట్టి, నీకొక చిట్టి వచ్చె. ఇయ్యాల్టితోని తనిఖీ గూడ అయిపాయె గద. గా జొన్నల గురిగి ఇటియ్యి. నర్మద కుండ కడుక్కోని కూసున్నది.”

“నేను కంకర కొడితే ఇచ్చిన జొన్నలు. నీ పెండ్లానికెందుకు?”

“ఎందుకేంది? ఒక్క ఇల్లు గాదా?”

“నీ చిట్టి మీద నీకూ ఇస్తుండ్రు గద.”

“...ఇస్తుండ్రు.”

“మరి?”

“పిల్లలున్నరవ్వా.”

“నా దిక్కు చూసి చెప్పు. నీ చిట్టేది?”

“ఇంట్ల... ఇంట్లున్నది.”

“రాయమల్లూ.”

“కంకర కాడ గుంజుకున్నరు. బొగ్గుబాయిల పేరున్నోళ్లకు కరువు పని లేదట. నా పేరు కొట్టేసి ఆర్నెల్లాయె దొరా అన్న. పేరు కొట్టేసినట్టు కాయితం తెమ్మన్నరు. బాయి ఆఫీసుకు పోతే, పని చేసేటోళ్లకే కాయితాలు రాస్తం, పని లేనోనికి ఏమని రాస్తం అన్నరు.”

“ఎన్నడు?”

“నాలుగు దినాలాయె.”

“నాలుగు దినాల సంది చెప్పకపోతివి.”

“గిర్దావరు తిరుగుతుండె. నీ చిట్టి గూడ పోతదని ఊకున్న. ఇగ నీ చిట్టే దిక్కు. రా, అందరం కలిసి గంజి తాగుదాం.”

“అందరం కలిస్తే నా పాలికి ఎంతొస్తది?”

“గదేం మాటనే?”

“లెక్క చెప్పు. నువ్వు బాయిల కమాయించిన దినాలల్ల గూడ నేను బువ్వకు ఆఖరుకే కూసుంటి. మీరు తిన్న కుండల నీళ్లు పోసి, తిప్పి, నా ముంగట పెట్టేది నీ పెండ్లాం. చూసుకుంట ఒక్కనాడన్న నోరు తెరిచినవా?”

“ముసలిదాన్ని, నాకేం ఆకలిరా అని నువ్వే అంటివి గద!”

“అన్న. పదేండ్లు అన్న. అనంగ అనంగ నేను గూడ నమ్మిన. గీ పన్నెండు దినాలు ఒక్కదాన్నే వండుకోని తింటుంటే తెలిసింది, నాకు ఆకలున్నదని.”

“నలుగురు నవ్వుతరే అవ్వా!”

“నవ్వనియ్యి. పిల్లలను పంపు, పెడ్త. గురిగి మీద చెయ్యి వెయ్యకు.”

“గట్లనా? గా చిట్టి ఇప్పిచ్చింది నేను. ఇప్పుడే పోయి గిర్దావరుకు చెప్త, మేం వేరువడలే, అంత దొంగ లెక్క అని!”

“పో, చెప్పు. పొద్దుగాల ఆయన నన్ను పక్కకు పిలిచి అడిగిండు, కొడుకు బువ్వ పెడ్తలేడా ముసలవ్వా అని. నువ్వు నేర్పిన అబద్ధం చెప్దామనే నోరు తెరిచిన. పెడ్తలేడు దొరా అన్న. అన్నంక చూసుకుంటే, అండ్ల అబద్ధమే లేకపాయె.”